పుల్లటి వాసన

రుమోయ్ తీరంలో మూసేసిన బడి.
పట్టణ కార్యాలయం నన్ను పంపింది.
చేతిలో ఫారం, అందులో రెండే గడులు:
పనిచేస్తుంది. పనిచేయదు.

సైన్సు గది తాళంచెవి కువబారా షిజుయె దగ్గరుంది.
ముప్పయ్యేళ్లు ఇక్కడ నేల తుడిచింది.
జీతం ఆగి ఆరేళ్లయినా తిరిగివ్వలేదు,
ఎవరూ అడగనూ లేదు.

లోపల బియ్యప్పిండి బిస్కెట్ల రేకు డబ్బాలు.
ఒక్కో దాంట్లో నాలుగేసి ఎలక్ట్రానిక్ నిఘంటువులు,
ముఖానికి ముఖం తగలకుండా
మధ్యలో పాత యూనిఫాం గుడ్డ పేలికలు.
మూలమూలకీ సముద్రపు నాచు పొట్లాల్లో వచ్చే
"తినకూడదు" అని రాసున్న తెల్ల గుళికల సంచులు.
ఊరంతా నాచు తిని ఆమె కోసం దాచినవి.

"ఎండ తగలకూడదు" అంది, నల్ల తెర సర్దుతూ.
"పొయ్యి పక్కన వద్దు, బయటి గోడకు ఆనించీ వద్దు.
తేమ ముల్లు సగానికి కాస్త కిందుండాలి,
మరీ ఎండితే రబ్బరు మీటలు పగుల్తాయి.
చలికి చావవు గానీ బద్ధకిస్తాయి.
జనవరిలో ఒక మాట అడిగితే
ముందు మాట నీడ ఇంకా లేచి వెళ్లదు.
వాటి మీద ఏదీ పెట్టకు, నీ ఫారం కూడా."
ఫారం తీశాను.
ఎవరో అట్లాసు పెట్టిన పాపానికి
ఒకదాని తెరలో సిరా మరకలా నల్ల చెరువు నిలిచిపోయింది.

లోపల ఉండేది నీళ్లూ కాదు, రాయీ కాదట.
రెండు అద్దాల నడుమ
ఎవరికీ మాటివ్వని పదార్థం.
"మా ఆయన లాగా" అంది. నవ్వలేదు.

బ్యాటరీలు వేరే డబ్బాలో.
వదిలేస్తే కక్కుకుని స్ప్రింగుల్ని తినేస్తాయి.
తీసేస్తే, పిల్లలు వెతికిన మాటలన్నీ పోతాయి.
ఆమె తీసేసింది.
ఆ రాత్రి నలభై మూడింటిలోంచి
ఏమేం చెరిగిపోయాయో చూడలేదంది.
"చూస్తే తీయగలిగేదాన్నా?"

పదకొండో డబ్బా మూత లేపగానే
గుప్పున పులుపు.
ఎవరో ముల్లంగి ఊరగాయ మరిచిపోయారనుకున్నాను.
ఆమె మొహం చూసి కాదని తెలిసింది.
తెరకు అంటించిన సన్నటి పొర
తనలో తానే పులిసి, బుడగలెత్తి,
పక్కదానికీ ఆ జబ్బు అంటిస్తుందట.
నాలుగింటినీ విడదీసింది.
ఒకదాన్ని కిటికీ దగ్గరికి తెచ్చి,
గోరుతో అంచు లేపి,
చల్లారిన పాల మీద మీగడలా ఒలిచింది.

బ్యాటరీలు వేసింది. మీట నొక్కింది.
బూడిద రంగు ఖాళీ.
నా కలం రెండో గడి మీద ఆనింది.

అప్పుడొచ్చాడు తొకిజో, హెర్రింగ్ పడవ మనిషి,
ఇంకో గుప్పెడు నాచు సంచులు ఇచ్చిపోదామని.
నీటి మీది మెరుపును కోసి
కింద చేపను చూపించే నల్ల కళ్లద్దాలు
తీయకుండానే వంగి చూశాడు.
"ఖాళీ ఏంటి, రాసుంది కదా."

కళ్లద్దాలు నా చేతికిచ్చాడు.
ఉప్పు మరకల మధ్య నుంచి తల కొంచెం వాల్చాను,
మరి కొంచెం.
గీతలు చిక్కబడి అక్షరాలయ్యాయి:
ఈరోజు తేదీ ఎంత?

అంతే. ఏ పిల్లవాడి మాటా కాదు.
రెండువేల ఒకటి, జనవరి ఒకటి అని తనే ఊహించుకుని
సరిచేయమని ఎదురుచూస్తోంది.

కువబారా కళ్లద్దాలు లాక్కుని పెట్టుకుంది.
చాలాసేపు మెడ వాల్చే ఉంది.
తర్వాత నన్నే అడిగింది:
"ఇవాళ ఎన్నో తారీఖు?"
ఫారం చూసి చెప్పాను.
ఆమె ఒక్కో అంకె నొక్కుతుంటే
నేను స్కేలు కోసం వెతుకుతున్నాను.
మూడో గడి గీయాలి,
దాని నెత్తిన ఏం రాయాలో తెలియదు.

తొకిజో కళ్లద్దాలు అడిగాడు,
పొద్దున్నే పడవ కదలాలి.
"ఎల్లుండి తీసుకో" అంది,
ఇంకో పొర అంచు గోరుతో లేపుతూ.