ఇస్త్రీ గది

జాబ్రియాలో మా మేడమోళ్ల ఇంట్లో
వంటింటి వెనక కిటికీ లేని గది నాది.
ఒక బల్ల, ఒక ఇస్త్రీ పెట్టె, గోడకానించిన పరుపు.
పాస్‌పోర్టులో దస్తగిరమ్మను.
వచ్చిన రోజే పెద్ద మేడం నవ్వింది,
ముస్లిం పేరు చివర ఈ అమ్మ ఏందని.
మా దూదేకులోళ్ల ఇళ్లల్లో
పీరు పక్కన అమ్మ ఉంటాదని
ఏ అరబ్బీలో చెప్పల్ల?
అప్పట్నించి మరియంను.

ఇంట్లో ఇద్దరు కూతుళ్లు.
మునీరా ముఖం దాస్తాది, కళ్ల డాక్టరు.
దలాల్ తల కప్పదు, కోర్టులో వాదిస్తాది.
ఒకే కడుపు, ఒకే కోపం.
మునీరా నఖాబు నల్లదే గానీ
నలుపులో ఎన్ని నలుపులుంటాయో
ఇస్త్రీ చేసే చేతికి తెలుస్తాది:
పెళ్లికి పోయే నలుపు, ఆస్పత్రి నలుపు,
నాయన పోయిన నాటి నలుపు.
దలాల్ విడిచేసిన స్కార్ఫులు పదకొండు
అడుగు సొరుగులో ఉండాయి.
పారెయ్యదు. నెలకొకసారి
"మడత మార్చు మరియం" అంటాది.

సోమవారం రాత్రి ఆడోళ్ల బైఠకు, దీవానియా అంటారు.
ఖర్జూరాలు, కాఫీ, ఏసీ చలి.
"ఇది నేను తీసిన గుడ్డ, ఎవరూ తియ్యమనలేదు."
"ఇది నేను కట్టిన గుడ్డ, ఎవరూ కట్టమనలేదు."
"పారిస్‌లో నన్ను వీధిలో ఆపినారు."
"నన్ను ఇంట్లోనే ఆపినారు, నువ్వు చూస్తానే ఉంటివి."
ట్రే పట్టుకుని తలుపు దగ్గర నేను.
తొమ్మిదేండ్లకు వినడం వచ్చింది,
మాట్లాడ్డం వంటింటి మేరకే:
ఉప్పు, నీళ్లు, తొందరగా, చాలు.
ఆ రాత్రి ఒక మాట
వాళ్ల నోట పదేపదే, హుకూక్, హుకూక్.
అడిగితే దలాల్ చెప్పింది, ఒకటైతే హక్.
ఓయమ్మ! ఇది మా రాయచోటి మాట గదా.
రెండు సెంట్ల పట్టా కోసం మా జేజి
తాసిల్దారు బల్ల గుద్ది అన్న మాట.
నేర్చుకోకుండానే
నా నాలుక కింద ఉన్న అరబ్బీ.

అందుకే అడిగినాను,
కాఫీ పోస్తా, తల వంచకుండా.
శుక్రవారం సెలవు. బీరువాలో నా పాస్‌పోర్టు.
హక్ అన్నాను.

వాదన ఆగింది.
ఏండ్ల తరబడి ఒక మాట మీదికి రాని అక్కాచెల్లెళ్లు
ఒకరినొకరు చూసుకుని
ఒకే గొంతుతో అన్నారు:
"రంజాన్ పోనీ, చూద్దాం."

నా తల మీద గుడ్డ సంగతి ఎవరూ ఎత్తలేదు.
ఊర్లో బాంగు వినపడితే కొంగు లాక్కునేదాన్ని,
చెయ్యి దానంతటదే పోయేది.
ఇక్కడ గులాబి రంగుది, యాప్రానుతో పాటు ఇచ్చినారు,
రెండు జతలు, జీతంలో కోత లేదు.
అది దీనో డ్యూటీయో
నాకే సరిగా తెలీదు.

ఇషా అయినాక దాన్ని ఉతికి మిద్దె మీద ఆరేస్తాను.
సముద్రం వైపు నుంచి ఉక్క గాలి.
వట్టి తలతో నిలబడి
ఆయనతో తెలుగులోనే మాట్లాడతాను.
మొన్న మునీరా మెట్లెక్కి వచ్చింది,
ముఖం మీద ఏమీ లేదు.
ఎంతసేపో పిట్టగోడ పట్టుకుని నిలబడి
"నీ అసలు పేరేంది?" అన్నింది.
చెప్పినాను. పలకలేకపోయింది.
మళ్లీ చెప్పినాను.