అక్షరానికి డాలరున్నర

ఆగస్టు రాగానే హైస్కూలు నుంచి జాబితా వస్తుంది.
పెద్దవాళ్ళైన పాత విద్యార్థులు, ఈ ఏడు ఆరుగురు.
ఇత్తడి రేకులు కోసి, అంచులు నూరి,
పేరుకెన్ని అక్షరాలో వేలు పెట్టి లెక్కపెడతాను.
అక్షరానికి డాలరున్నర.
చుక్కలకి డబ్బు తీసుకోను.

బ్రోకెన్ హిల్‌లో చెక్కుడు మిషను నాదొక్కటే.
కప్పులు, కుక్కల మెడబిళ్ళలు, సమాధి పలకలు.
ఎర్రదుమ్ము ఏ సందులోంచో దూరి
అన్ని పేర్లలోనూ ఒకేలా కూర్చుంటుంది.

సముద్రం ఎరగని ఊరు ఇది.
ఇక్కడి పిల్ల పగడాల మీద పుస్తకం రాసిందట: పదిహేడు అక్షరాలు.
గనిలో దిగనని ఇంట్లోంచి పారిపోయినవాడు
ఇప్పుడు వయొలిన్లు చేస్తాడు: పదమూడు.
ఇంకొకామె గుండెలు కోసి కుడుతుంది.
ఆమె పేరు రెండుసార్లు తప్పు చెక్కి రెండు రేకులు పారేశాను.
వణుకు నా చేతికి, ఆమెకి కాదు.

శుక్రవారం షట్టరు దించబోతుంటే
జడ్జిగారు వచ్చింది. గ్లెనిస్ ట్రెగెన్నా.
ఫొటోలో కన్నా పొట్టి.
తన రేకు తీసుకుని, తిప్పి,
ఖాళీగా ఉన్న వీపు చూస్తూ అడిగింది:
"ఇక్కడొక పేరు పడుతుందా?"

ఆఖరి ఏడాది రసాయన పరీక్షలో
ముందు బెంచీ కుర్రాడి కాగితం
కాస్త పక్కకి జరిగిందట.
కావాలనో, గాలికో,
నలభై ఏళ్ళుగా తేలలేదట.
ఆ మార్కులతోనే స్కాలర్‌షిప్పు, సిడ్నీ రైలు, నల్లకోటు.
"సాక్షుల్లేని కేసు," అంది. నవ్వలేదు.

డగ్ పెన్‌హాల్.
ఖనిజం లారీ తోల్తాడు.
డార్ట్స్ క్లబ్బులో ఏటా రెండో బహుమతి.
ప్లాస్టిక్కు కప్పుల మీద తొమ్మిదిసార్లు చెక్కాను;
ఆ పేరు నా చేతికి కంఠతా వచ్చు.

మా భాషలో అక్షరమంటే నశించనిదని
ఆమెకి చెబుదామనుకుని మానేశాను.
ఇంగ్లీషులో అది ధర పెంచడానికి చెప్పినట్టుంటుంది.
పదకొండు అక్షరాలు. పదహారున్నర.
ఇరవై ఇచ్చి, చిల్లర అడిగి మరీ తీసుకుంది.

సోమవారం నేనే గోడకి బిగించాను.
నాలుగు మూలలా నాలుగు మరలు.
మనవరాలిని దింపడానికొచ్చిన డగ్
కారిడార్లో ఆగి, టోపీ తీసి, పైకి చూశాడు.
"నా వెనక బెంచీ పిల్ల," అన్నాడు.
"దాని రాత అప్పట్లో ఏమంత బాగుండేది కాదు."

కింది మరని
ఇంకో అరచుట్టు తిప్పాను.