అట్ట గొట్టం

"ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా..."
స్టౌర్‌బ్రిడ్జ్ క్లినిక్‌లో గొంతు చించుకుంటాను.
రెజ్ ట్రాంటర్ రెండు సెకన్లకే ఆగిపోతాడు.
ముప్ఫై ఏళ్లు గాజు కొలిమి ముందు నిలబడి
ఊపిరితో పూలకూజాలు చేసిన మనిషి.

ఈ చలికాలంలో మూడుసార్లు ఆయాసం ఎగదన్నింది.
రక్తపరీక్ష కాగితం మీద ఇసినోఫిల్స్
సున్నా పాయింట్ నాలుగు.

"అది మంచిదా, చెడ్డదా అమ్మాయ్?"

రెండూనూ.
తొందరగా రాజుకునే రకం మీది,
చెప్తే వినే రకం కూడా.
కొత్త ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ కలుపుతున్నారు.

నవంబరు నుంచీ ఫైల్లోనే ఉంది ఈ అంకె,
ఎవరమూ చూడలేదు.
ఆ మాట నోటిదాకా వచ్చి
ఆగింది.

అతను వినడం లేదు.
అట్ట గొట్టాన్ని వేళ్ల మధ్య
తిప్పుతూనే ఉన్నాడు,
ఆపితే
చివరన ఏదో జారిపోతుందన్నట్టు.