నడుమెత్తు గూడు

గూడు ఎంత ఎత్తుండాలె అని
వడ్ల సోమాచారి టేపు గుంజిండు.
నా నడుమంత, అన్న.
కోళ్లకు అంత మేడ ఎందుకక్కా,
రెండు బండలు నిలవెట్టి మీద ఒకటి కప్పితే సాలు గదా
అననైతె అన్నడు గని
నా దిక్కు సూసి ఊకున్నడు.
టేపు నా పక్కకు తెచ్చి పట్టిండు
దర్వాజ కొలిచినట్టు.

బోరు నీళ్లు నలభై ఏండ్లు తాగిన నడుము.
వంగదు.
కింద పడ్డ రూపాయిని సూస్త, తియ్య.
గంప కింద కోడి గుడ్డు పెట్టి అరుస్తుంటె
పక్కింటి బాలమణి బడి నుంచి వచ్చేదాంక
నేనూ కుక్కా దాన్నే సూసుకుంట నిలబడేటోళ్లం.
ఎక్కువసార్లు కుక్కే గెలిచేది.

ఎండిన బత్తాయి తోట కంచె నుంచి
నాలుగు కడీలు పీక్కొచ్చి పాతిండు సోమాచారి.
కింద వెదురు బద్దలు, నడుమ వేలు సందు,
రెట్ట భూమి మీద పడాలె, గుడ్డు పడొద్దు.
జాలి కొనేటప్పుడు కోడిని కాదు
ముంగిస తలకాయను యాది పెట్టుకొమ్మన్న.
పండుకునే కట్టె పైన, పెట్టే డబ్బ కింద.
తిరగేస్తివా, గుడ్ల మీదనే పండుకొని ఆగం జేస్తయ్.
మొఖం తూర్పుకు. పడమటి ఎండకు తడి గోనెసంచి.
డబ్బకు ఎనక చిన్న తలుపు,
సరిగ్గా నా మోచెయ్యి కాడ.
మేకు కొట్టుకుంట నవ్విండు:
పేరేమో అండాలు, ఇన్నేండ్లు గుడ్లు కొనుక్క తింటివి!

చండూరు అంగడిల కోళ్లు
కాళ్లు కట్టి తలకిందులుగ ఏలాడుతున్నయ్.
అమ్మే ఆమె పిల్లల మీద ఒట్టేసి చెప్తది,
ఇది దినాం పెడుతదని.
పిల్లల మీద ఒట్టు నాకెందుకమ్మా,
జర కోడిని ఇటు తిప్పు.
జుట్టు ఎర్రగున్నదా, కన్ను గుండ్రంగున్నదా,
కాళ్లల్ల పసుపు పాలిపోయిందా?
పెట్టే కోడి తన పసుపును సొనలకు పోస్తది,
పచ్చటి కాళ్ల మీద నిలబడ్డది ఇంకా ఏం ఇయ్యనట్టే.
ఆఖరుకు తోక కింద, రెండెముకల నడుమ
వేళ్లు పెట్టి సూడాలె.
మూడు పడితే గుడ్లకు,
ఒకటే పడితే కూరకు.

నా వేళ్లు వంకర. అయినా పడ్డయ్, మూడు.
మెత్తగ కదిలినయ్ లోపల ఎముకలు.
గుడ్డు వచ్చేటప్పుడు జరుగుతయట,
పోయినంక మల్ల దగ్గరికొస్తయట.
కోడిని పట్టుకొని అట్లనే నిలబడ్డ.
ఎముకంటె బిగుసుడే అనుకున్న గదా
ఇన్ని దినాలు.
తీసుకుంటవా లేదా అని అరిసింది ఆమె.

మూడు గ్రామప్రియలు తెచ్చిన, ఒక నాటుది.
మూడు దినాలు మూసి పెడితే
గ్రామప్రియలు ఇల్లు నేర్చుకున్నయ్.
పొద్దుగూకితే పలక మీద టకటక ఎక్కుతయ్,
పొద్దుగాల తలుపు తీస్తె
ఎచ్చటి గుడ్డు నా చేతికే వస్తది,
నిటారుగ నిలబడ్డ చేతికి.
నాటుది మాత్రం
మేడను ఒక్కనాడు మెచ్చలే.
బట్టలుతికే బండ కింద
కట్టె పెట్టి కెలికినా అందని జాగల
పెట్టింది పెట్టినట్టే పెట్టి
కూసున్నది.
బాలమణి తీస్త అంటె వద్దన్న.
తెలిసే చేసింది అది, నా నడుము సంగతి.

ఇరవై ఒకటో నాడు బండ కింద కిచకిచ.
తొమ్మిది.

ఇప్పుడొక తిప్పలు:
పిల్లలు పలక ఎక్కలేవు, గూడు నడుమెత్తు.
సందెల గంపను కాలుతోటి దొబ్బుకుంట వస్త,
అంచును కట్టెతోటి లేపుత,
తల్లి గొణుక్కుంట లోపలికి పోతది,
ఎనక తొమ్మిదీ.
ఒక్కొక్కనాడు ఎనిమిదే పోతయ్.
తొమ్మిదోది నా చెప్పు మీదికెక్కి
పైకి సూస్తది.
నేను కిందికి సూస్త.
బాలమణీ, అని పిలుస్త గని
గట్టిగ పిలువ.