దిగుతున్న అంకె

మా దగ్గర వేలం పైకి పోదు, కిందికి దిగుతుంది.
గోడమీది ఎర్ర అంకె పద్దెనిమిది యూరోల దగ్గర బయల్దేరి
మెట్లు దిగే మోకాళ్ళనొప్పుల మనిషిలా
ఒక్కొక్కటే దిగుతుంటే
ఎవరి బొటనవేలు ముందు మీట నొక్కితే
గుల్లల బుట్ట వాళ్ళది.
అంకె ఆగిన చోటు రాసుకోవడం నా ఉద్యోగం.
పదహారేళ్ళుగా రాస్తున్నాను.

గలీసియా తీరాన, పటం మీద వేలు పెడితే
వేలికిందే మాయమయ్యే ఊరు మాది.
సముద్రం రోజుకు రెండుసార్లు వెనక్కి తగ్గి
బురద పొలాన్ని మాకు అప్పిస్తుంది,
గడువు దాటితే మోకాళ్ళ దాకా వచ్చి అడుగుతుంది.

మా అమ్మ దోసిందా వయసులో ఉన్నప్పుడు
ఎవరికి వారే. తీరం మాత్రం ఒక్కటే.
లాంతరు పైబట్ట చాటున దాచి,
బూట్లు చేత పట్టుకుని,
పక్కింటి బల్బినా కంటే ముందు నీటి అంచు చేరాలని పరుగు.
గోరంత గుల్లనైనా వదిలేవాళ్ళు కాదు.
నువ్వు వదిలితే ఆమె తీస్తుంది,
ఆమె వదిలితే నువ్వు.
అలా ఇద్దరూ, పలకరింపైనా లేకుండా,
వచ్చే ఏడాదిని తవ్వుకు తినేశారు.
ఒక చలికాలం పార బురదలోకి దిగి
ఉత్త బురదతోనే పైకొచ్చింది.

ఆ తర్వాతే కలిశారు.
మంచితనం వల్ల కాదు, ఖాళీ బుట్టల వల్ల.
ఉప్పు కొట్లో తొమ్మిది రాత్రులు తిట్టుకుని
పదో రాత్రి ఒక ఇత్తడి కంకణం చేయించారు:
అందులోంచి జారిన గుల్ల తిరిగి బురదకే.
మనిషికి మూడు కిలోలు. రాత్రి కాపలా వంతులవారీగా.
పిల్లగుల్లల్ని నారు పోసినట్టు చల్లి
నాలుగేళ్ళు ఓపిక పట్టారు.
వేలం గది గోడమీద నీలిరంగుతో రాయించారు:
ఐకమత్యమే మహాబలం.

కొనేవాళ్ళు ముగ్గురు: అమరో, ఫీజ్, ఎలాదియో.
ఒకడు చుట్ట ముట్టిస్తే ఇంకొకడు అగ్గిపుల్ల ఇవ్వడు.
వాళ్ళ పగ మా పిల్లల ఫీజులు కట్టింది,
మా ఇంటి పైకప్పు మార్చింది.
మేం రాసుకున్న మాటే రోజూ చదివి చదివి
నిరుడు నవంబరులో వాళ్ళకీ వంటబట్టింది.

పద్దెనిమిది. పదిహేను. పదకొండు.
ఏ వేలూ కదల్లేదు.
తొమ్మిది. ఏడు.
ఫీజ్ కిటికీలోంచి పడవలు లెక్కపెడుతున్నాడు.
ఆరు దగ్గర ఎలాదియో, తొందరేం లేనట్టు, నొక్కాడు.
మర్నాడు ఫీజ్ వంతు. ఎల్లుండి అమరోది.
మా కాపలా వంతుల్లాగే, ఒక్క రోజూ తప్పకుండా.
ఆరు అని రాశాను. మూడుసార్లు రాశాను.
పెన్సిల్ ముల్లు విరిగింది.

డెబ్బై ఒక్క ఏళ్ళ ఎరుందినా
బూట్లలోంచి నీళ్ళు కారుతుండగానే నా ఫోను లాక్కుని
నది అవతల పోర్చుగల్‌కి చేసింది.
"ఎవరైనా పంపు. మంచివాళ్ళే అక్కర్లేదు.
వీళ్ళ పొడ గిట్టకపోతే చాలు."

శుక్రవారం మంచుపెట్టెల వ్యానులో జెనోవేవా దిగింది.
ఎవరికీ నమస్కారం పెట్టలేదు.
పద్నాలుగు దగ్గర నొక్కింది.
అమరో చెవులు ఎర్రబడ్డాయి.
సోమవారం అతను పదిహేను దగ్గరే నొక్కాడు.
ఎరుందినా గోడమీది రాతకేసి చూసి, కాసేపాగి,
సున్నం తెమ్మందా అనుకున్నాను. అనలేదు.

అమ్మ ఇప్పటికీ బురదలోకి దిగుతుంది.
మూడు కిలోల కంటే ఎక్కువ తియ్యకూడదు, తియ్యదు.
కానీ ఆ మూడూ నిండటానికి
బల్బినాకు యాభై నిమిషాలు, అమ్మకు నలభై ఏడు.
పందెం లేదు, బహుమానం లేదు.
గెలిచినామె ఒడ్డున చతికిలబడి
ఓడినామె బూట్లు లాగిపెడుతుంది.
ఆ మూడు నిమిషాలు ఏ పద్దులో రాయాలో
నాకు ఎవరూ నేర్పలేదు.

నిన్న కాఫీ కొట్లో
జెనోవేవా, అమరో ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.
పంచదార డబ్బా అటునుంచి ఇటు వచ్చింది,
ఇటునుంచి అటు వెళ్ళింది.
ఇవాళ పొద్దున్నే వచ్చి పెన్సిల్ చెక్కుకున్నాను.
గోడమీద ఎర్ర అంకె వెలిగింది.
దిగుతోంది.