తగినంత

వంటింటి తలుపు మేకుకి ఒక పలక వేలాడుతుంటుంది.
అంచు విరిగిందని కంపెనీలో పక్కన పడేస్తే
అన్నం సంచిలో పెట్టుకొచ్చాను.
మార్కాపురంలో పలకకేం కరువు,
రాసే చేతులకే కరువు.

ఆదివారమైతే దాని మీద
ఎవరో ఒకరింటి కూరకి మార్కులు పడతాయి.
పైన వాళ్ల ఊరు, కింద కూర పేరు,
ఆ కింద మా నలుగురి మొదటి అక్షరాలు.
లిఖిత పెట్టిన రూలు: తిన్నాకే బలపం పట్టాలి,
మధ్యలో నీళ్లు తాగితే అర మార్కు కోత.

కొరిశపాడు వాళ్ల చింతచిగురు పప్పుకి ఏడు.
పామూరు వైపు ఎవరి మేనత్తో చేసే ఉలవల కారానికి ఎనిమిదిన్నర.
తిరుపాలు తొమ్మిదన్నాడు గానీ నీళ్లు తాగాడు.
గూడూరు నిమ్మకాయ కోడికి రెండు.
ఆ రెండూ నిమ్మకాయవే,
నా చేతికి సున్నా.

మా మామ చెన్నకేశవులు అంకె వేయడు.
ముప్పై ఏళ్లు రాతిని పొర పొరగా చీల్చిన మనిషి,
మిషను మోతకి ఒక చెవి, దుమ్ముకి సగం ఊపిరి
ఇచ్చేసి ఇంటికొచ్చాడు.
ఏం వండిపెట్టినా ఒకటే మాట, "తినొచ్చు."
అది ఎన్ని మార్కులో తెలీక
లిఖిత ఆయన గడిలో "తి" అని రాస్తుంది.

ఫోనులో ఆ ఆడవాళ్ల చేతులే కనబడతాయి.
ఒకామెకి మణికట్టు మీద నూనె చిందిన మచ్చ,
ఒకామె గాజుల్ని మాటిమాటికీ మోచేతి వైపు తోసుకుంటుంది.
అందరూ ఉప్పు తగినంత అంటారు.
ఎవరికి తగినంత?
గుప్పెడు కందిపప్పంటే ఆమె గుప్పిట ఎంతో.
నాది పలకల పెట్టెలు మోసి మోసి వెడల్పయింది,
అందుకేనేమో
ఎవరి పప్పయినా మా ఇంట్లో ముద్దవుతుంది.

పోయిన వారం చేపల పులుసు.
ఇందుకూరుపేట దగ్గర అనసూయమ్మ, వాళ్లత్త పద్ధతిలో.
చేప కంభం చెరువుది,
మామిడికాయ గిద్దలూరు బండి మీద వచ్చింది,
చింతపండు మా ఇంటిది.
పొత్తు కుదరలేదు.
పులుపు ఒక పక్క, కారం ఒక పక్క,
చేప పంచాయితీలో సాక్షి లాగా మధ్యన.
తిరుపాలు మూడు. నేను మూడు.
లిఖిత నాలుగు, జాలికి.
మామ చెయ్యి కడుక్కొని మంచమెక్కాడు,
ఆ ఒక్క మాటా అనకుండా.
పలక తగిలించిన కాడినుంచి ఆయన గడి
ఖాళీగా ఉండటం అదే మొదలు.

రాత్రి నిద్ర పట్టక మళ్లీ పెట్టుకొని చివరిదాకా చూశాను.
మామూలుగా చట్టి దించగానే ఆపేస్తాను.
దించాక ఆమె మూత జరుపుతూ
పక్కన ఎవరితోనో అంటోంది:
"ఇయ్యాల తినబాకండి. మా అత్త తిననిచ్చేది కాదు."

తెల్లారి ఆరింటికి వంటింట్లో చప్పుడు.
మామ చట్టి ముందు గొంతుక్కూచొని
చద్దన్నంలోకి పులుసు వంచుకుంటున్నాడు.
నన్ను చూసి చెయ్యి ఆపి,
"ఎవురి వంట మ్మే ఇది?"
ఇందుకూరుపేట ఆమెదన్నాను. ఆమెది కూడా కాదు, వాళ్లత్తది.
ఆయన ఇంకో ముద్ద నమిలి
"ఆ అత్తకెవురు నేర్పిండారో" అన్నాడు.

లేచి పలక అందుకున్నాడు.
ఇన్నాళ్లకి అంకె పడబోతుందని నిలబడి చూస్తున్నాను.
బలపం జోలికి పోలేదు.
పులుసంటిన వేలి కణుపుతో టకటక కొట్టి
మంచి చెవి దగ్గర పెట్టుకున్నాడు,
కొండ దగ్గర రాయికి పెట్టినట్టే.
"పగులు లేదే. అంచు పోయిందంతే.
దీన్ని పారేయమన్న మొగోడెవుడు?"

మళ్లీ మేకుకి తగిలించాడు.
మూడు, మూడు, నాలుగు అట్టాగే ఉన్నాయి,
వాటి మీద ఒక ఎర్రటి వేలిముద్ర.
లిఖిత లేచి అడిగితే
దీన్ని ఎంతని లెక్కెయ్యాలో నాకూ తెలీదు.
చట్టిలో ఇంక రెండు ముక్కలున్నాయి.
తిరుపాలు లేచేలోపు
ఒకటి నేను తినేశాను.