కండువా రంగు

లొండ్రీనాలో ఆగస్టు గాలికి
ఎర్రమట్టి దుమ్ము షాపు గడప దాటి వస్తుంది.
రోజుకి రెండుసార్లు తుడుస్తాను,
అయినా బల్ల మీద ఎర్రటి పొర.

జురేమా సంచిలోంచి తీసింది
పసుపెక్కిన ప్లాస్టిక్ డబ్బా.
తీగ చుట్టి, రబ్బరు బ్యాండు వేసి.
"కొత్త టీవీకి పెడితే
గంజిలో నానేసిన గుడ్డలా ఉంది బొమ్మ,
చూడు అదెమార్."

నిజమే. తప్పు డబ్బాది కాదు.
అది సెకనుకి అరవైసార్లు
రెండువందల నలభై గీతలు గీసి పంపుతుంది,
పలక మీద పిల్లాడు దిద్దినంత శ్రద్ధగా.
గోడంత టీవీకి ఆ దస్తూరీ రాదు.
సగం పేజీ చిరిగిపోయిందనుకుని
లేని గీతల్ని తనే ఊహించి అతికిస్తుంది,
బక్క పిల్లాణ్ణి అడ్డంగా సాగదీసి
బొజ్జ పెడుతుంది.
ఆలోచించుకుని ఆలోచించుకుని చూపించేసరికి
దూకమన్న వీరుడు
ఎప్పుడో గోతిలో ఉంటాడు.

మూత విప్పాను. చేపల వాసన.
మూడు కెపాసిటర్లు కారి
కింద రాగి పచ్చబడింది.
మార్చాను.
ఎరుపు, ఆకుపచ్చ, నీలం
ఒకే తీగలో కుక్కి పంపితే
పండగపూట బస్సులో జనంలా
ఒకరి చెమట ఒకరికి అంటుకుంటుంది.
మూడింటికీ మూడు దారులు వేశాను.
మధ్యలో అగ్గిపెట్టెంత దుబాసీని కూర్చోబెట్టాను.
ఏ గీతని ఆ గీతగానే అందుకుని
నాలుగేసిసార్లు పేర్చి అప్పజెబుతుంది.
సొంత కవిత్వం కలపదు.

టంకం ఆరేలోగా స్టూలు మీద కూర్చుని చెప్పింది.
తొంభైరెండులో పరాగ్వే సరిహద్దు దాటించి
మేనమామ దుప్పట్ల మూటలో తెచ్చాడట.
అమెరికా వాళ్ళ రంగుల లెక్క వేరు,
మా బ్రెజిల్ టీవీల లెక్క వేరు.
ఆట నడిచేది, పాట వినిపించేది,
బొమ్మ మాత్రం బూడిద.
లెక్క కలిపే చిప్పుకి వాళ్ళమ్మ దగ్గర డబ్బుల్లేవు.
ఆరేళ్ళు బూడిదలోనే ఆడారు
తనూ, తమ్ముడు జోయెల్మిర్.

ఆటలో జాలరి కుర్రాడి మెడకో కండువా.
ఎరుపన్నాడు తమ్ముడు.
ఆకుపచ్చంది అక్క.
జుట్లు పట్టుకున్నారు.
చివరికి పందెం: డజను గ్వారనా సీసాలు.
ముప్పై ఏళ్ళుగా ఎవరూ తీర్చని బాకీ.

స్విచ్ వేశాను.
ముందు ఆకాశం వచ్చింది,
ఇస్త్రీ చేసినట్టు.
తర్వాత పడవ, పడవ మీద కుర్రాడు, కండువా.
ఎరుపు కాదు.
ఆకుపచ్చా కాదు.
కోసిన బొప్పాయి లోపలి రంగు.
ఆమె నవ్విన నవ్వుకి
పక్కన తాళాలు చేసే వల్దిర్ పరిగెత్తుకొచ్చాడు.

ఫోన్ చేసింది. తమ్ముడు కుయబా దారిలో
లారీతో డీజిల్ వరసలో ఉన్నాడు.
"ఇద్దరం ఓడిపోయాంరా."
చాలాసేపు ఇంజన్ చప్పుడే.
"ఆ మెకానిక్ రంగు ఎక్కువ పెట్టుంటాడు,
తగ్గించి చూడమను."

రెండో మెట్టులో జలపాతం.
ఇక్కడ నాకు సిగ్గేసింది.
నా పని ఎంత శుభ్రంగా ఉందంటే
నీళ్ళు నీళ్ళుగా లేవు.
ఒక తెల్ల గీత, ఒక ఖాళీ, ఒక తెల్ల గీత.
దువ్వెన పళ్ళు.
ఆనాడు బొమ్మ గీసినవాడు ఎవడో
మసక తీగని నమ్ముకున్నాడు.
పక్కపక్కనున్నవి అదెలాగూ కలిపేస్తుందని
సగం నీళ్ళే పోశాడు.
మిగతా సగం పోసినవి
మా చెక్కపెట్టె టీవీలు.

ఏం చెప్పాలో తోచక
కేబుల్ సర్దుతున్నట్టు నటించాను.
ఆమె కళ్ళద్దాలు తీసింది.
కాసేపు చూసి
"ఇప్పుడు పారుతోంది" అంది.

నూట ఎనభై తీసుకున్నాను,
ఇరవై వెనక్కిచ్చాను.
చెత్తబుట్టలో పడేసిన పాత పసుపు తీగని
ఆమే వంగి తీసి,
ఎర్రదుమ్ము చీర్‌మని ఊది,
మళ్ళీ అదే రబ్బరు బ్యాండు వేసి
సంచిలో పెట్టుకుంది.